మొక్కుపుంజు, నా నీలం చెప్పు

మా ఇంటి ఎర్రపుంజు గురించి సూర్యాపేటలో మా కాలనీవాళ్లకూ, కోదాడలో మా చుట్టాలకూ తెలిసిన కథ ఒకటుంది. మా అత్తమ్మే దానికి జనాన్ని పొడవడం నేర్పిందని. ఆ కథ పుట్టించింది నేనే. కాబట్టి సరిచేయాల్సిందీ నేనే.

అత్తమ్మది మిర్యాలగూడ దగ్గర పల్లె. మామ పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ ఒక సంచిలో బట్టలు, ఒక గంపలో కోడిపెట్టల్ని తెచ్చుకుంది. పెరట్లో నిమ్మచెట్టు కింద పాత రేకులతో వాటికి గూడు కట్టించింది. మిల్లు నూకలు తిని పెరిగిన పెట్టలు కదా, రేషన్ బియ్యం వేస్తే అటూ ఇటూ కెలికి వెళ్లిపోయేవి. కొన్నాళ్లకు ఒకటి పొదిగి పిల్లల్ని లేపింది. వాటిలో ఒకటి ఎర్రది, మగది.

ఆ రోజుల్లోనే నేను మిర్యాలగూడ నుంచి బండి మీద వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన వడ్లలో జారి కాలు విరగ్గొట్టుకున్నాను. దవాఖానలో నాకు పిండికట్టు వేస్తుంటే, ఇంట్లో అత్తమ్మ ఆ ఎర్రపిల్ల కాలికి పసుపు గుడ్డపేలిక కట్టింది.

"మా అల్లుడు మంచిగ నడిస్తే ఈ పుంజును నీకే ఇస్త తల్లీ" అని ముత్యాలమ్మకు మొక్కింది.

మొక్కిన కోడిని అమ్మకూడదు, కోసుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. పండుగ దాకా అది అమ్మవారి సొమ్ము. మనం కాపలాదారులం.

కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని పెరట్లో కుర్చీలో కూర్చోవడమే అప్పుడు నా పని. ఫోన్ మాత్రం ఎంతసేపని చూస్తాం? ఒక సాయంత్రం మంచికాలి వేళ్లకు నా నీలం హవాయి చెప్పు తగిలించుకుని ఊపుతుంటే, ఆ పిల్ల వచ్చి దాన్ని పొడిచింది. చెప్పుతో మెల్లగా తోశాను. అది మెడ మీది ఈకలు నిక్కించుకుని, ఎగిరి తన్నింది. పిడికెడు లేదు! నాకు నవ్వు ఆగలేదు. మరునాడూ ఆడాను. ఆ తర్వాత అదే నా కోసం కాచుకుని ఉండేది. ప్రతిసారీ చివర్లో నేను ఓడిపోయినట్టు చెప్పు వదిలేసేవాణ్ణి. అది చెప్పు మీదికెక్కి టపటపా రెక్కలు కొట్టుకునేది. ఆ వేళకు మా ఆవిడ వంటింట్లో ఉండేది, అత్తమ్మ కునుకు తీస్తుండేది. ఎవరూ చూడలేదు.

నాకు కట్టు విప్పారు. పిల్ల పుంజైంది. నేను ఆఫీసుకు పోసాగాను. పుంజు మాత్రం ఆట మానలేదు.

ముందు పాలాయన మీద పడింది. తర్వాత గ్యాస్ బండ తెచ్చినతను "గేటు కాడ్నే పెడ్త సార్, మీరే దొర్లించుకోండ్రి" అని వెళ్లిపోయాడు. మా ఆవిడ బట్టలు ఆరేయడానికి చేట అడ్డం పెట్టుకుని పోయేది. మోటార్ స్విచ్ పెరట్లో ఉండటంతో నేను ప్లాస్టిక్ కుర్చీ కాళ్లను దాని వైపు చాపి, అడుగులో అడుగు వేసుకుంటూ పోయేవాణ్ణి.

"సర్కసుల పులిని ఆడిచ్చేటోని లెక్క ఉన్నవ్" అనేది మా ఆవిడ కిటికీలోంచి. "ట్యాంకు నిండి పొర్లుతుంది, జర జల్ది పో."

అత్తమ్మ జోలికి మాత్రం అది పోయేది కాదు. గింజలు చల్లేచోట చెప్పులేసుకోవద్దని ఆమె పట్టింపు. వట్టికాళ్లతో పెరడంతా తిరిగేది. పుంజు పెంపుడు కుక్కలా వెంట నడిచేది.

ఒక ఆదివారం కోదాడ నుంచి మా తోడల్లుడు, మరదలు భోజనానికి వచ్చారు. తిన్నాక తోడల్లుడు చేయి కడుక్కోవడానికి కొత్త తోలు చెప్పులతో పెరట్లోకి వెళ్లాడు. కేక వినపడి మేం పరుగెత్తేసరికి బట్టలుతికే బండ ఎక్కి నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, ఇది కోడా, పోలీసు కుక్కాండీ? ముందు దీన్ని పిలవండి బాబూ!"

అత్తమ్మ వెళ్లి పుంజును ఒంటిచేత్తో ఎత్తి చంకలో పెట్టుకుంది. అది కిక్కురుమనలేదు.

"ఎవరండీ దీనికి ఇలా నేర్పింది?" అన్నాడు తోడల్లుడు బండ దిగుతూ.

నీలం చెప్పు నా కళ్ల ముందు మెదిలింది. దాన్ని పక్కకు నెట్టేశాను.

"ఇంకెవలు? మా అత్తమ్మనే. మందినంత పొడిపిస్తది, తన జోలికి మాత్రం రానియ్యది. సూశినవ్ గదా!"

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు.

"నేను పొడిపిస్తున్ననా అల్లుడా?" అంది.

నేను నవ్వుతూనే ఉన్నాను. ఆమె పుంజును గూట్లో పెట్టి, చేతులు కడుక్కుని, బట్టలు సర్దుకుని, సాయంత్రం వాళ్ల కారులోనే కోదాడ వెళ్లిపోయింది. 

కోదాడలో వాళ్లది రెండో అంతస్తు. కోళ్లూ లేవు, మట్టీ లేదు. రోజంతా బాల్కనీలో కూర్చుని కిందికి చూస్తోందని, సరిగ్గా తినడం లేదని మరదలు ఫోన్ చేసింది. ముత్యాలమ్మ పండుగకు అటునుంచే తన ఊరికి వెళ్లి మొక్కు తీర్చుకుంటానని, ఇక సూర్యాపేట ముఖం చూడనని అత్తమ్మ కబురు పెట్టింది.

"పుంజును ఎల్లగొట్టుడు చాతగాలే గని, మా అమ్మను ఎల్లగొట్టినవ్" అంది మా ఆవిడ. ఆ తర్వాత నాకు అన్నం గిన్నె మాటల్లేకుండా ముందుకు వచ్చేది.

ఒక ఉదయం మోటార్ ఆపడం మరిచి పళ్లు తోముకుంటున్నాను. నీళ్ల చప్పుడు విని పెరట్లోకి ఉరికాను. సగం దూరం పోయాక చూసుకుంటే చేతిలో కుర్చీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. పుంజు ఎదురుగా వచ్చింది. తల వంచి నా పాదాలను అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. ఏమీ దొరకలేదన్నట్టు పోయి మట్టి గీరుకుంది. అనుమానం తీర్చుకుందామని లోపలికెళ్లి నీలం చెప్పులు వేసుకొచ్చాను. గడప దాటీ దాటకముందే పిక్క మీద తన్నింది. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ ఆ తన్నుతో పోయాయి.

కోదాడ బస్సెక్కాను. తోడల్లుడూ మరదలూ వినేలా, అత్తమ్మ ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను.

"కట్టుకాలుతోనా ఆడినవ్?" అంది అత్తమ్మ.

"కాదత్తా, మంచికాలుతోని."

"నీ కాలు బాగుగావాలని నేను మొక్కితే, నువ్వు గా పుంజునే కాలుతోని తంతివా?"

"తన్నలే అత్తా... ఆడిన."

"నాకెందుకు చెప్తున్నవ్? మందిల అన్నవ్, మందికే చెప్పు."

తోడల్లుడు వెంటనే ఫోన్ తీశాడు. తన తోలు చెప్పు నా కాలివేళ్లకు తగిలించి, కుర్చీలో కూర్చోబెట్టి, మొత్తం మళ్లీ చేసి చూపించమన్నాడు.

"ఇంకాస్త ఊపండి అన్నయ్యా, వీడియోలో సరిగ్గా కనపడట్లేదు."

నా బస్సు సూర్యాపేట చేరేలోపు చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేశారు. అత్తమ్మ మాత్రం ఒకటే చెప్పి పంపింది. "పండుగకు పుంజును మా ఊరికి తీస్కరా. అందాక నేను గీడనే ఉంట."

పండుగనాడు నేనూ మా ఆవిడా పుంజును గంపలో పెట్టుకుని, కిరాయికి మాట్లాడుకున్న ఆటోలో అత్తమ్మ ఊరికి వెళ్లాం. గుడి బయట చెప్పులన్నీ కుప్పగా ఉన్నాయి. అత్తమ్మ కోదాడ నుంచి ముందే వచ్చి నిలబడి ఉంది. అక్కడ పుంజు మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు జాడిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కోస్తారు. నేను రెండు చేతులా పట్టుకున్నాను. కోసే అతను నీళ్లు పోశాడు. పుంజు కదల్లేదు. మళ్లీ పోశాడు. నీళ్లు కారుతున్నా అది మెడ చాచి ఒకవైపే చూస్తోంది. ఎటు చూస్తోందో నాకు అర్థమయ్యేలోపు నా చేతుల్లోంచి ఎగిరి చెప్పుల కుప్ప మీద పడింది. ఆడవాళ్లు "ఓయవ్వో" అంటూ చెదిరిపోయారు. దొరికిన చెప్పునల్లా తన్ని, చివరికి నా నీలం చెప్పు మీదెక్కి టపటపా రెక్కలు కొట్టింది. నీళ్లు అందరి మీదా పడ్డాయి.

"అగో, జాడిచ్చింది! తీస్కరాండ్రి" అన్నాడు కోసే అతను.

"ఆగు" అంది అత్తమ్మ. "అది జాడిచ్చుడు గాదు. గెలిచిన్నని రెక్కలు కొట్టుడు. మా అల్లుడు నేర్పిండు."

అంతా నా వైపు తిరిగారు. నేను తలూపాను.

"అమ్మకు గీ పుంజు వద్దట. అమ్మ పేరు మీద ఇడిచిపెడుతున్న" అని ఆమె కొబ్బరికాయ కొట్టింది.

"మరి గీ గండాన్ని ఎవలు సాకుతరే?" అన్నారెవరో.

అత్తమ్మ పుంజును ఎత్తుకుని కొంగుతో తుడిచింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నేనే సాకాలె, ఇంకెవలు? ఈయన చేతిల పెడితే ఈసారి బూట్లతోని నేర్పుతడు."

నడిచి వెళ్లి మా ఆటోలో కూర్చుంది. మా ఆవిడ ఎన్నాళ్లకో నా వైపు చూసి, "నిలబడ్డవేంది, ఎక్కు" అంది.

వెనక సీట్లో అత్తమ్మ, ఆమె ఒళ్లో పుంజు. ముందు డ్రైవర్ పక్కన నేను, మా అందరి చెప్పులూ సంచిలో వేసుకుని, సంచి మూతి గట్టిగా బిగించి పట్టుకుని.