అమ్మ శోకానికి పెట్టిన పేరు

మా వైపు చనిపోయినవాళ్లతో మాట్లాడతారు. ఇబ్రహీంపట్నంలో ఎవరింట్లో చావు జరిగినా ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషినే నిలదీస్తూ రాగం తీసి ఏడుస్తారు. దాన్ని శోకం పెట్టడం అంటారు. నెలలు గడిచినా, గుర్తొచ్చినప్పుడల్లా పెడతారు. ఎవరూ ఆపరు.

మా బాపు పెద్దచెరువులో చేపలు పట్టేవాడు. ఆయన పోయాక అమ్మ పొద్దున్నే వాకిట్లో కూర్చుని శోకం పెట్టేది. "నీకిష్టమని పులుసు వెడితి, తినేటోడివి నువ్వేడ వోతివయ్యా" అని. కాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, గంప ఎత్తుకుని చేపలమ్మడానికి పోయేది.

తర్వాత మా అన్న కాలనీలో ఇల్లు కట్టి ఆమెను తీసుకెళ్లాడు. అక్కడ వాకిలి లేదు, బాల్కనీ ఉంది. అమ్మ అందులో శోకం పెడితే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. అన్నకు తలకొట్టేసినట్టయింది. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే, అత్తగారి ఊరు నాదర్‌గుల్ నుంచి నేనూ వెళ్లాను.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా ఆయనతోటి."

"ఆయన చనిపోయాడు కదా?"

"చచ్చిపోయిండు గనకనే నేను మాట్లాడుతున్న. ఉంటే ఆయననే మాట్లాడేటోడు."

చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు. సైకోసిస్ అన్నాడు, లేని మనుషులతో మాట్లాడే జబ్బట; రోజూ వేసుకోమని ట్యాబ్లెట్లు రాశాడు. మా దగ్గర శోకం పెట్టడం మామూలేనని నేను చెప్పబోతే, "మీరు ఒప్పుకోవాలమ్మా" అన్నాడు. ఏం ఒప్పుకోవాలి? ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్లను నేను చూశాను. మందులు వాడి మళ్లీ మనుషుల్లో పడ్డవాళ్లనూ చూశాను. మా అమ్మకున్నది బాపు లేడన్న బాధ.

ఆ పేరు పడ్డాక అమ్మ ఏం చేసినా జబ్బే. కూరలో ఉప్పెక్కువైతే జబ్బు. కోడలి మీద కోపమొస్తే జబ్బు. ఆమె నోరు తెరిస్తే చాలు, అన్న నోట ఒకటే మాట: "ట్యాబ్లెట్ ఏసుకున్నవా?" అమ్మ మాట్లాడటమే మానేసింది. మందు బాగా పనిచేస్తోందని అన్న సంబరపడ్డాడు.

కొన్నాళ్లకు కడుపునొప్పి అంది. "గది గూడ మనసుదే, ట్యాబ్లెట్ ఏసుకో" అన్నాడు అన్న. ఫోన్లో నాతో చెప్పింది: "బిడ్డా, నొప్పి నిజంగనే ఉన్నది. జర నువ్వన్న నమ్మవే." వెంటనే బయలుదేరి పోయి, అన్నతో కొట్లాడి, ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. పిత్తాశయం పగిలి కడుపంతా చీము పట్టిందన్నారు. ఇన్నాళ్లు ఏం చేశారని అక్కడి డాక్టర్లు అడిగితే, వెనకే వచ్చిన అన్న ట్యాబ్లెట్ల చీటీ తీసి చూపించాడు.

అమ్మ బతకలేదు.

ఆమెను చాప మీద పడుకోబెట్టగానే అన్న ఆమె మీద పడి ఏడ్చాడు. "అమ్మా, ఒక్కసారి మాట్లాడే. నాకు జెప్పకుంట యాడికి వోతున్నవే. నేనిప్పుడు ఎవలిని పిలవాల్నే." ఆడవాళ్లు అతని వీపు నిమిరారు. "ఏడ్వనియ్యిండ్రి, దుఃఖం దిగాలె" అన్నారు. ఎవరితో మాట్లాడుతున్నావని అతన్ని ఒక్కరూ అడగలేదు.

నేను వెళ్లి అతని పక్కన కూర్చుని, చెవిలో అడిగాను.

"అన్నా, ట్యాబ్లెట్ ఏసుకున్నవా?"