బండి మీదున్నది, రానియ్యి

ఉస్తాద్ పోయిన సంగతి ఆయన బిడ్డకు గంటసేపు మేమెవరమూ చెప్పలేదు. జహీరాబాద్ దవాఖానలో ఆయన కన్నుమూసే సమయానికి ఆమె హుమ్నాబాద్ నుంచి ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తోంది. అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతుంది. తండ్రికి ఆయాసం ఎక్కువైందని తెలిసి బయలుదేరింది. ఆ గంట గురించి రాయాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

మీలో ఎవరైనా మా ఊళ్లో కారు నేర్చుకుని ఉంటే, పక్క సీట్లో రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్న ఆయనను చూసే ఉంటారు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను వినలేదు. అందరికీ ఉస్తాదే. మొగుడంపల్లి దగ్గరి రైతు ఇంట్లో పుట్టి, లారీ ఎక్కి, సగం వయసు బొంబాయి రోడ్డు మీద గడిపి, చివరికి ఇక్కడ డ్రైవింగ్ స్కూలు పెట్టారు. నేను అక్కడ రోజువారీ లెక్కలు రాసేవాణ్ణి. నాది బడిలో వచ్చిన చదువు కాదు, చూసి నేర్చుకున్నది. అయినా "లెక్కల సారూ" అనే పిలిచేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజు ఒకటే అడిగేవారు. "ఇంట్ల నీకు ఎక్కువ ఫోన్ చేసేదెవరు?" అమ్మ అంటే అమ్మను, అన్న అంటే అన్నను ఒకరోజు వెంట తీసుకురావాలి. అది అయ్యేదాకా రోడ్డు మీదికి తీసుకెళ్లేవారు కాదు.

రాయికోడ్ నుంచి వచ్చిన ఒక తల్లి నాకు బాగా గుర్తు. కొడుకుకు కాస్త చేయి తిరిగాక ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఊరి బయట ఖాళీ జాగాలో డ్రమ్ములు వరుసగా పెట్టించి, వాటి మధ్యలోంచి నిదానంగా నడపమన్నారు. పడిన డ్రమ్ములు లేపడానికి నేను అక్కడే నిలబడ్డాను. కొడుకు ఫోను సీటు పక్కన ఉంది.

"ఇప్పుడు నీ కొడుక్కు ఫోన్ కొట్టమ్మా" అన్నారు ఉస్తాద్.

ఫోను మోగింది. పిల్లవాడు ఎత్తలేదు. ఊరికే అటు చూశాడు, అంతే. డ్రమ్ము దొర్లిపోయింది. ఉస్తాద్ బ్రేకు తొక్కి వెనక్కి తిరిగారు.

"అమ్మా, ఆ డ్రమ్ము ఎవరు పడగొట్టిన్రు?"

"ఇగో, వీడే."

"వాని చేతులు స్టీరింగ్ మీదనే ఉండె గద."

"అయితే నేనా? నేను ఎనుక కూసున్న సారూ! నా చెయ్యి అంత పొడుగున్నదా?"

"ఉన్నది. రాయికోడ్ల కూసోని హైదరాబాద్ల ఉన్నోణ్ణి గుంజుతది."

ఆమె పడీపడీ నవ్వింది. కాసేపటికి, "అన్నం తిన్నడో లేదో అని చేస్త సారూ" అంది.

"తినకుంటే ఇంటికొచ్చి తింటడు. రావాలె గద ముందు."

ఆమె మళ్లీ నవ్వలేదు. కొడుకు మెడ వెనక చేయి వేసి అలాగే ఉండిపోయింది.

బండి మీద ఫోను ఎత్తొద్దని పిల్లలకు అందరూ చెబుతారు. చేయొద్దని ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవారిని నేను ఆయననొక్కరినే చూశాను. "ఒక్కపారి కొట్టున్రి. ఎత్తకపోతే ఖుష్ కావాలె, పోరడు రోడ్డు చూస్తున్నడని" అనేవారు.

అందరికీ నచ్చేది కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆంధ్రా ఆయన, "ఏవండీ, మావాడికి కారు నేర్పమంటే నాకు క్లాసు పీకుతారేంటి?" అని కొడుకును వేరే స్కూలుకు తీసుకెళ్లారు. ఇట్లయితే ఎవరూ రారన్నాను నేను. "పోనియ్యి. ఆయన గూడ తండ్రే. ఫికర్ ఉంటది" అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ఉస్తాద్ భార్య, నేను వదినమ్మ అనే ఆమె, జొన్నరొట్టెలు తెస్తే ముగ్గురం తింటున్నాం. లారీ రోజుల మాట వచ్చింది. అప్పట్లో ఆయన బొంబాయి వెళితే తిరిగి వచ్చేదాకా కబురే ఉండేది కాదు.

"ఎట్ల ఓర్చుకున్నవే?" అని ఆమెను అడిగారు.

"ఓర్చుకోక ఏం జేస్త? అప్పుడు ఫోన్ ఉండెనా? ఉంటే నేనే కొట్టి కొట్టి నిన్ను లారీ కింద ఏస్తుంటి."

ఆయనకు నవ్వుతో దగ్గు వచ్చింది. నీళ్లు తాగి, "లెక్కల సారూ, ఈమె నేర్చుకున్నదే నేను అందరికి నేర్పుతున్న" అన్నారు.

అంత చెప్పిన మనిషికి కూడా అది తేలిక కాదు. బిడ్డ మొదటిసారి ఒక్కతే హుమ్నాబాద్ బయలుదేరిన రోజు ఆయన ఫోను పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగారు. చివరికి నా బల్ల దగ్గరికి వచ్చి, "జర ఇది నీ సొరుగుల పెట్టు. నా చెయ్యి ఊకుంటలేదు" అన్నారు. ఆమె చేరి ఫోన్ చేసేదాకా కుర్చీలో కూర్చోలేదు.

ఇక ఆ రోజు. దవాఖానలో ఆయనకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. వదినమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి, "పిల్ల ఏడిదాక వచ్చిందో అడగాల్నా?" అంది. ఆయన మాస్కు పక్కకు జరిపారు.

"బండి మీదున్నది. రానియ్యి."

ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే. కాసేపటికి శ్వాస ఆగిపోయింది.

వదినమ్మ తమ్ముడు ఏడుస్తూనే ఫోను తీశాడు. "పిల్లకు చెప్పొద్దా అక్కా? రేపు నన్నే తిడ్తది."

"ఏమని చెప్తవ్? నాయిన లేడంటవా? అన్నంక ఆ పిల్ల కాలు బ్రేక్ మీద ఉంటదా, ఎక్సిలేటర్ మీద ఉంటదా?"

"పక్కకు ఆపుమంట."

"ఆపినంక? ఒక్కతే మల్ల ఎట్ల నడుపుతది?"

అతను నావైపు తిరిగాడు. "లెక్కల సారూ, మీరన్న చెప్పున్రి." నేను వదినమ్మ వైపు చూశాను. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

చేసింది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. దినాలు అయ్యాక ఆమె నాతో అంది: "ఫోన్ రాలేదు గద కాకా, నాయినకు నయమే ఉన్నదనుకున్న. చిరాగ్‌పల్లి కాడ ఆగి చాయ్ గూడ తాగిన." నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. ఆ చాయ్ మాట మాత్రం నాకు గొంతు దిగదు.

ఆమె వచ్చిన క్షణమే నాకు మాటిమాటికీ కళ్లకు కడుతుంది. మేం ముగ్గురం దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాం. వదినమ్మ అప్పటిదాకా ఏడవలేదు, రోడ్డు వైపే చూస్తోంది. దూరంగా తెల్ల కారు కనిపించింది. వెనక ఇంకే బండీ లేకపోయినా మలుపు ముందే ఇండికేటర్ వేసింది. వేగం తగ్గించి, అద్దంలో ఒకసారి చూసి, నిదానంగా గేటులోకి తిప్పింది. ఆ కారు అక్కడే, అలాగే తిరుగుతూ ఉంటే బాగుండుననిపించింది. ఆమె పక్క అద్దం దించింది. తల్లిని చూసి నవ్వింది.