మానేయనివాళ్లకు ఫోన్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మనుషులు ఎందుకు వదిలి వెళ్లిపోతారో అడిగితే చెప్పేస్తారని. నాచారంలో ఒక ఆన్‌లైన్ కోర్సుల ఆఫీసులో నా మొదటి ఉద్యోగమే అది. మధ్యలో మానేసినవాళ్లకు ఫోన్ చేసి కారణం అడగాలి. (సగం మంది "నువ్వెవరు?" అనేవారు, మిగతా సగం "బండి మీదున్న" అని పెట్టేసేవారు.) మా దగ్గర ఎక్సెల్ నేర్పే కోర్సులు రెండుండేవి. ఒకటి స్టూడియోలో తీసింది: కోటు తొడుక్కున్న కుర్రాడు, వెనక నీలం వెలుగు, మధ్యమధ్య సంగీతం. రెండోది రిటైరైన ఐటీఐ మాస్టారొకాయన కాప్రాలో తన వంటింటి పక్కగదిలో కూర్చుని ఫోన్‌తో తీసుకున్నది. ఆయన్ని మేం కాప్రా సార్ అనేవాళ్లం. విచిత్రమేమిటంటే, కోటు కుర్రాడి దగ్గర మూడో పాఠానికే జనం పల్చబడేవారు. కాప్రా సార్ విద్యార్థులు మాత్రం కోర్సు అయిపోయాక కూడా "సార్ ఇంకేం చెప్తరు?" అని మాకే ఫోన్ చేసేవారు.

మా మేనేజరుది గోదావరి వైపు. "ఏమయ్యా, శనివారంలోగా సంగతేంటో కనిపెట్టు. లేకపోతే వీడియో నాసిరకంగా ఉందని పైవాళ్లు కాప్రా ఆయన కోర్సు తీసేస్తారట" అన్నాడు. రెండ్రోజులు ఆ పాఠాలన్నీ విన్నాను. ప్రతిదాంట్లో కుక్కర్ విజిల్ వినబడింది. దొరికిందనుకున్నాను! ఇంటి వాతావరణం ఉంటేనే విద్యార్థి నిలబడతాడని నాలుగు పేజీల రిపోర్టు రాశాను. (గ్రాఫు కూడా వేశాను.) మేనేజరు చదివి రిపోర్టు బల్ల మీద పెట్టాడు. "అయితే స్టూడియోలో పప్పు ఉడకబెట్టమంటావా?" "చూద్దాం సార్" అన్నాను, నిజంగానే. "వాళ్లలో ఒక్కరినైనా అడిగావా?" అన్నాడాయన. అడగలేదు. మానేసినవాళ్లకు తప్ప మానేయనివాళ్లకు ఫోన్ చేయాలని నాకెప్పుడూ తోచనే లేదు.

మర్నాడు కాప్రా సార్ విద్యార్థుల్లో ఒకామెకు ఫోన్ చేసి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆమె పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. ప్యాకింగ్‌లో పనిచేసే ఆ అక్క సూపర్‌వైజర్ కావాలని కాప్రా సార్ దగ్గర నేర్చుకుంటోంది. కుక్కర్ సంగతి అడిగాను. "అయ్యో, దాంతోని సగం మాట ఇనబడది తమ్మీ, మస్తు పరేషాన్!" అంది.

"మరెందుకు మానలేదక్కా?"

"ఒక ఫార్ములా నాకు సమజ్ గాలే. మెసేజ్ పెట్టిన. తెల్లారేసరికి సార్ మల్ల కొత్త వీడియో జేసిండు. 'నేనే సక్కగ చెప్పలేదమ్మా' అన్నడు. తప్పు నాది అన్న సారును నేను యాడ సూడలే. ఎట్ల ఇడుస్త? గా కోటు పిల్లగాడు మంచిగనే చెప్తడు, గని అడిగితే జవాబు రాదు."

ఆమె మాటలే ఒక పేజీలో రాసిచ్చాను. కాప్రా సార్ కోర్సు నిలిచింది. కోటు కుర్రాణ్ని రోజూ గంటసేపు సందేహాలు తీర్చమని కూర్చోబెట్టారు. పాపం, మంచివాడే, ఇంతకుముందు ఎవరూ చెప్పలేదంతే. ఆ సోమవారం నేనూ కాప్రా సార్ దగ్గర చేరి, సిగ్గుపడుతూనే ఒక ప్రశ్న పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది. "ఆఫీసుల ఉండేటోనివి, నీకు గూడ డౌటేందయ్యా?"

"ఉంది సార్" అన్నాను. ఆ వయసులో నేనన్న తెలివైన మాట బహుశా అదొక్కటేనేమో అని ఇప్పుడు నవ్వుకుంటాను.