పెంటికలు నావి

మసాకా ఊళ్లో పిల్లలకు పర్యావరణం పాఠం చెప్పే నల్వోగా టీచరమ్మను గోనెసంచి లేకుండా చూసినవాళ్లు లేరు. ఎవరి వాకిట అరటికాయ తొక్కలు కనబడినా వంగి, వాసన చూసి, చంటిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా సంచిలో వేసుకునేది. అవన్నీ ఆవిడ పెరట్లోని ఎరువు గుంతకే. పెళ్లిభోజనానికి పిలిచినా ముందు వంటపాక వెనక్కే నడిచేది.

ఒకనాడు వ్యానులో ఆవిడ కునుకు తీస్తుంటే, పక్కన కూర్చున్న సెమాందా అనే రైతు మేక ఆ సంచి ఖాళీ చేసేసింది.

"తొక్కలే కదమ్మా, పోనీ," అన్నాడతను.

"పోనీనా? మట్టిలోంచి వచ్చింది మట్టికే చేరాలయ్యా. మధ్యలో నీ మేక అడ్డుపడింది. పెంటికలు నావి!"

వ్యానంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. సెమాందా వెంటే వాళ్లింటికి వెళ్లి మేక వెనకాల పీట వేసుకుని కూర్చుంది. సాయంత్రమైనా మేక కరుణించలేదు.

"నువ్వెళ్లు తల్లీ, పడగానే పంపిస్తాను."

"నీ తోటలో వేసుకోవని నమ్మకమేంటి?"

విసుగెత్తి అతను మేకనే ఆవిడ చేతికిచ్చి పంపాడు. తెల్లారి తీసుకెళ్దామని వచ్చేసరికి గుంతలోని తొక్కలన్నీ మాయం. పక్కన నాలుగు పెంటికలు. మేక పొట్ట బానలా ఉంది.

టీచరమ్మ తాడు గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడే ఎలా ఇస్తానయ్యా? నా ఎరువంతా ఇంకా లోపలే ఉంది!"