గోదావరి ఇసుకలో చీర కొస

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. దయ్యాల దాకా ఎందుకు, మనుషులనే ఒక పట్టాన నమ్మను. వైరాలో మా నాన్న టైలర్. కొలతలిచ్చేటప్పుడు కడుపు లోపలికి లాక్కునేవాళ్లను చూస్తూ పెరిగాను. అందుకే ఇది కూడా, జరిగింది జరిగినట్టు, నాకు తెలిసినంతే రాస్తున్నాను.

పోయిన చలికాలం నేనూ, మా ఆఫీసులో నా పక్క సీటు సునీతా చెరో బ్యాగు వీపున తగిలించుకుని భద్రాచలం వెళ్లాం. ఆమెకు దర్శనం, నాకు గోదావరి. సముద్రం దాకా వెళ్లే తీరిక లేని మాకు బీచ్ అన్నా ఆ ఇసుకే.

ఊరు నాకు సగం నచ్చింది, సగం నచ్చలేదు. బస్సు దిగీ దిగకముందే ఇద్దరు ఆటోవాళ్లు మా బ్యాగుల మీద చేతులేశారు. వంతెన మీద సెల్ఫీల వాళ్లను తప్పించుకుని నడవడమే పెద్ద పని. రేవులో ఒకడు ఫోటో అంటాడు, ఇంకొకడు పడవ అంటాడు. ఎవరు పిలిచినా వెనక్కి తిరగొద్దని సునీతకు గట్టిగా చెప్పాను. కానీ ఆ నది వెడల్పు, అవతలి గుట్టలు, చల్లటి గాలి ముందు తిట్టుకున్నదంతా మర్చిపోయాను. మధ్యాహ్నం బొంగు చికెన్ రెండుసార్లు తిన్నాం, అబద్ధమెందుకు.

మూడు గంటలప్పుడు సునీత నీళ్లలో దిగుతానంది. రేవు నిండా జనం. "జనం లేని కాడికి పోదాం పా" అని ఇసుకలో చాలా దూరం నడిపించింది. ఇద్దరికీ ఈత రాదు. మోకాళ్ల దాకే దిగమని చెప్పి, బ్యాగులకు కాపలాగా నేను ఒడ్డునే ఉన్నాను.

అక్కడ అరవై దాటిన ఒకామె తడి చీర పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "బిడ్డా, గీ కొస జర పట్టు. ఒక్కదాన్నే ఆరబెడితే ఇసుక అంటుతది" అంది.

నది దగ్గర ఇది మామూలే. ఇద్దరు చెరో కొస పట్టుకుని నిలబడితే చీర గాలికే ఆరిపోతుంది. తోడు లేనివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు, ఎవరూ కాదనరు. నాకు మాత్రం అనుమానం. చేతులు రెండూ ఖాళీ లేకుండా చేస్తే వెనక నుంచి ఇంకొకరు బ్యాగు లేపేస్తారేమో! ఒక బ్యాగు వీపునా, ఒకటి కడుపు మీదా తగిలించుకుని అప్పుడు పట్టుకున్నాను.

ముదురాకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు, కొత్తది. బట్ట విషయంలో నా వేళ్లు పొరబడవు. గాలికి అది పొంగి నాకూ నదికీ మధ్య అడ్డంగా నిలబడింది. నేను కాస్త వదులు చేస్తే చాలు, అటునుంచి ఆమె బిగించి లాగేది. ఆ లాగుడు ఇప్పటికీ నా మణికట్లకు గుర్తుంది. ఎవరో పిలిచినట్టు రెండు మూడుసార్లు వినిపించింది. ఫోటోవాళ్లే ఇక్కడికీ వచ్చారనుకుని పట్టించుకోలేదు. నా ధ్యాసంతా బ్యాగుల మీదే.

ఉన్నట్టుండి, "గా పిల్ల మునుగుతాంది!" అని అరుపు. చేపలు పట్టే ఒకాయన తన పడవలోంచి నీళ్లలోకి దూకాడు. చూసేసరికి నా చేతుల్లో చీర లేదు.

సునీతను ఒడ్డుకు చేర్చి బోర్లా పడుకోబెట్టాడు. ఆమె నీళ్లు కక్కి దగ్గింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వైపు తిరిగి, "కండ్ల ముందల మునుగుతుంటే గట్ల నిలబడి చూస్తవేందమ్మా?" అని కసిరాడు.

ముసలామె అని, చీర అని ఏదో చెప్పాను.

"ఏ ముసలామె? ఇందాకటి సంది నువ్వొక్కదానివే ఉన్నవ్."

ఆమె నిలబడిన చోటికి పరుగెత్తాను. తడి చీర అంతసేపు కారినా ఇసుక మీద చుక్క లేదు, అడుగు గుర్తు లేదు. నా అరచేతులకు మాత్రం ఆకుపచ్చ రంగు అంటి ఉంది. పరుగున వచ్చి సునీతకు చూపించాను. ఆమె నా చేతుల వైపు చూడలేదు, మొహంలోకే చూసింది.

దవాఖానాలో చూపించుకుని బస్సెక్కాం. కొత్తగూడెం దాటాక సునీత నోరు విప్పింది. "మూడుసార్లు పిలిచిన నస్రీన్. రెండు చేతులు ముందలకు చాపి నిలబడ్డవ్. చేతుల్ల ఏం లేదు. నా దిక్కే చూస్తున్నవ్."

తర్వాత ఆఫీసులో ఆమె సీటు మార్పించుకుంది. ఎదురుపడితే నవ్వుతుంది, అంతే. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆ ముసలామె ఎవరో, నన్నెందుకు అలా నిలబెట్టిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. కొస వదిలేయాలని నాకెందుకు తోచలేదో అదీ తెలియలేదు.

మొన్న క్యాంటీన్‌లో ఎవరూ లేనప్పుడు సునీత వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఒక్కసారి నిజం చెప్పు. నన్ను చూసినవా, లేదా?"

చూడలేదన్నాను. అది నిజం. ఆమె లేచి వెళ్లిపోయింది. నమ్మమని అడగలేకపోయాను. ఆమె చోట నేనుంటే నేనూ నమ్మేదాన్ని కాదు.