దుర్గి శిల్పికి లినక్స్ నేర్పిన షంషాద్ మేడమ్

మా కళాశాలలో నాతోపాటు పనిచేసిన కంప్యూటర్ అధ్యాపకురాలు షంషాద్ బేగం గారు ఇక లేరన్న వార్త గత శుక్రవారం నరసరావుపేట బస్టాండులో ఉండగా ఫోనులో విన్నాను. ఎక్కవలసిన బస్సు కళ్లెదుటే వెళ్లిపోయింది. ఆమె అనారోగ్యం తెలిసినదే అయినా, ఆ నిష్క్రమణ ఇంత సమీపంలో ఉందని మనస్సు అంగీకరించలేదు.

ఆమె స్వభావం తెలియాలంటే వీరాచారి ఉదంతం చెప్పాలి. ఆయన దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. దివంగతుడైన అన్నగారు గీసిన విగ్రహ నమూనాలన్నీ ఒక పాత కంప్యూటరులోనే ఉన్నాయి. అసలు కాగితాలను చెదలు తినేశాయి. ఆ కంప్యూటరు హఠాత్తుగా తెరుచుకోవడం మానేసింది. నాకు పరిచయస్థుడు కావడంతో ఆమె వద్దకు తీసుకువెళ్లాను.

"విండోస్ తీసేసి లినక్స్ అని ఏందో ఎక్కిస్తే పాత కంప్యూటర్లు కూడా బాగా నడుస్తయ్యంట గదమ్మా. తొందరగా ఎక్కియ్యండి. శివరాత్రిలోపు నందిని చెక్కి ఇయ్యాల," అన్నాడు వీరాచారి.

"ఎక్కించటం ఎంతసేపన్నా! కానీ లోపలున్నయ్యన్నీ చెరిగిపోతయ్. ముందు మీ అన్న బొమ్మలు బయటికి రానీ."

లినక్స్‌ను స్థాపించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, దానితోపాటు వచ్చే డిస్కు పరీక్షా సాధనాన్ని తెరిచారు. బొమ్మలున్న డిస్కే చెడిపోతోందని తేలింది. దానిపై ఏమీ రాయకుండా, బొమ్మలను ఒక్కొక్కటిగా వేరే డిస్కులోకి నకలు చేశారు. ఆ రోజు భోజనం మాటే తలవలేదు. చాలావరకు వచ్చాయి. నంది రాలేదు.

"నంది పోయిందన్నా. నా వల్ల కాలేదు," అన్నారు సూటిగా.

వీరాచారి దక్కిన బొమ్మలను తెరపై ఒక్కొక్కటిగా చూశాడు. "మిగతాయి దక్కినయ్ గదమ్మా. నందిని అన్నతో కలిసి ఒకసారి చెక్కినా. చెయ్యి మర్చిపోదులే."

తరువాత కొత్త డిస్కు వేసి లినక్స్ స్థాపించారు. పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఆమె ముఖం తిప్పుకున్నారు. "నాకు చెప్పమాక. యంత్రం నీది, తాళం నీది." సాఫ్ట్‌వేర్లు దొరికే చోటు చూపి, "కావాల్సింది ఇందులోనే వెతుకు. నెట్‌లో కనపడిందల్లా దింపమాక. అప్‌డేట్ అడిగితే చదివి ఒప్పుకో," అన్నారు. అర్థం కాక అడిగిన ప్రతిసారీ ఆయన చేతనే చేయించారు. మౌస్ తాను పట్టుకోలేదు.

శివరాత్రికి నంది సిద్ధమైంది. అన్న గీసినదానికన్నా మెడ కొంచెం పొట్టి అని వీరాచారే చెప్పాడు.

నేను ఆమెను ఆసుపత్రిలో చూడబోయిన రోజు ఆమెకు వీరాచారి ఫోను వచ్చింది. లినక్స్ కొత్త వెర్షన్ తానే ఎక్కించుకున్నాడట. "ముందు నకలు తీశావా?" అన్నదే ఆమె తొలి ప్రశ్న. "తీశానమ్మా" అన్న జవాబు నాకూ వినిపించింది. ఆ వాడిన వదనంలో అంతటి ప్రసన్నత ఆ తర్వాత నేను చూడలేదు.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి వచ్చి వీరాచారి నా పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడేదన్నా ఆగిపోతే ఎవర్నడగాల సార్?"

"అంతా నేర్చుకున్నావుగా."

"పని నేర్చుకున్నా సార్. చానా ధైర్యం వచ్చింది. అడిగేదానికి మాత్రం మనిషి గావాలగా."

అలా అడగదగ్గ మనిషి మా కళాశాలలో ఇప్పుడు మరొకరు లేరు. ఆ విద్యాదాత్రికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.