వెర్నా వెనక్కి కొన్న సంతకాలు

నేను పెట్టెలు విప్పుతుంటే వీడియోలో చూసేవాళ్ళందరిదీ ఒకటే గోల. కార్డు కెమెరాకు దగ్గరగా పెట్టు, ఇంకా దగ్గరగా పెట్టు అని. దూరంగా పెట్టమని బతిమాలింది నాకు తెలిసి వెర్నా స్టట్జ్‌మన్ ఒక్కతే.

ఓహాయోలో, వూస్టర్ ఊళ్ళో, లాండ్రీ పక్కన నాది ఆటగాళ్ళ బొమ్మలుండే బేస్‌బాల్ కార్డుల కొట్టు. కొన్నిటి మీద వాళ్ళ సంతకాలు కూడా ఉంటాయి, జనం వెంపర్లాడేది వాటికే. శనివారం మధ్యాహ్నాలు, లోపల ఎవరి కార్డులున్నాయో తెలియని కొత్త సీలు పెట్టెలు తెచ్చి, వీడియోలో అందరూ చూస్తుండగా విప్పుతాను. పెట్టె మొత్తం ఒక్కడే కొనాలంటే చేతి చమురు వదులుతుంది కనుక తలా ఒక జట్టు కొనుక్కుంటారు. మీ జట్టు ఆటగాళ్ళ కార్డులు ఎన్ని వస్తే అన్నీ మీవి. ఒక్కటీ రాకపోతే ఇంట్లో కూర్చుని నన్ను తిట్టుకోవడమే. ఆ తిట్లన్నీ వీడియో కింద రాసి మరీ చూపిస్తారు. సిగ్గులేని జనం.

వెర్నా స్కూలు బస్సు నడిపేది. అందుకని మావాళ్ళు ఆమెకు బస్సమ్మ అని పేరు పెట్టారు. ఆమె కొడుకు కోల్బీ పెద్ద లీగులో బంతి విసిరే ఆటగాడు. ప్రతి వారం ఆమె కొడుకు జట్టే కొనేది. నా దగ్గరే కాదు, నాలాగే పెట్టెలు విప్పే ఇండియానావాడొకడి దగ్గర, టెక్సాస్‌లో ఇంకొకడి దగ్గర కూడా. ఆ జట్టుకు ఎవడైనా పోటీకొస్తే వాడి కాళ్ళావేళ్ళా పడేది. తల్లి మురిపెం అనుకున్నాం. "బస్సమ్మా, ఆ మొహం మీ ఇంట్లో ఊరికే దొరుకుతుందిగా!" అని నేనే ఏడిపించేవాణ్ణి.

ఆ చలికాలం ఒక శనివారం కోల్బీ సంతకమున్న కార్డు వచ్చింది. నేను గంట కొట్టి, ఊరంతా వినేలా అరిచి, కార్డు ఎత్తాను. కింద వెర్నా రాసింది, "లైల్, నీకు దణ్ణం పెడతా, దూరంగా పెట్టు."

కొట్టు మూయకముందే పరిగెత్తుకొచ్చింది. కార్డు వంక చూడనైనా చూడకుండా సంచిలో కుక్కేసుకుంది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏంటమ్మా అది? కన్నకొడుకు సంతకం ఒక్కసారి చూసుకోరా?"

ఆమె కుర్చీలో కూలబడింది. "అది వాడి సంతకం కాదయ్యా. నాది."

కార్డుల కంపెనీవాళ్ళు సంతకాల కోసం ఆటగాడి ఇంటికి స్టిక్కర్లు పంపిస్తారు. అతను సంతకాలు చేసి పంపితే తర్వాత వాటిని కార్డుల మీద అతికిస్తారు. కోల్బీకి ఆ కట్ట వచ్చేసరికి మోచేతికి ఆపరేషన్ అయి, చెయ్యి మెడకు వేలాడుతోంది.

"దుప్పటి ముసుగు తీసేవాడు కాదు లైల్. 'తిప్పి పంపెయ్యమ్మా, ఇక ఆడలేనోడి సంతకం ఎవడిక్కావాలి' అన్నాడు. తిప్పి పంపితే వాడి సంతకంతో ఒక్క కార్డూ ఉండదు కదా. బతికున్న బిడ్డను పాతిపెట్టినట్టనిపించింది. వాడికి చెప్పకుండా వంటింట్లో కూర్చుని అన్నీ నేనే చేసి పంపేశాను."

చెయ్యి బాగైంది. కోల్బీ మళ్ళీ ఆడసాగాడు. అప్పుడు ఆ పెట్టెలు బజారులోకి వచ్చాయి.

"ఇప్పుడు తేలిందనుకో, దొంగ అని వాణ్ణంటారు, నన్ను కాదు," అంది. "అందుకే దొరికినవన్నీ వెనక్కి కొంటున్నా."

"దేశమంతా పెట్టెలు విప్పుతుంటే ఎన్నని కొంటారు? అబ్బాయితో చెప్పెయ్యండి."

"చెప్పి ఏ మొహంతో వాడి ఎదట నిలబడను?"

కార్డులకు డబ్బు మిగలాలని ఇంట్లో హీటరు కట్టేసి, కోటు వేసుకుని కూర్చుని వీడియోలు చూస్తోందని లాండ్రీ వాళ్ళు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీదో, నా పెట్టెల మీదో నాకే తెలియలేదు.

వసంతం వచ్చింది. మా దగ్గర కొన్ని శనివారాలు జట్లను చీట్లు తీసి పంచుతాం. అలాంటి ఒక శనివారం కోల్బీ జట్టు డ్వైట్ ప్రూయిట్‌కు పడింది. డ్వైట్ గ్యారేజీ తలుపులు బిగించేవాడు. ప్రతి సంతకాన్నీ భూతద్దం పెట్టి చూసి తీర్పు చెప్పడం వాడి జబ్బు. బదులుగా వెర్నా తనకు పడిన జట్టు ఇస్తానంది, ఇంకో రెండు కొనిస్తానంది.

"బస్సమ్మా, ఈ ఒక్కసారి నా అదృష్టం నన్ను చూసుకోనివ్వు తల్లీ!" అని రాశాడు వాడు.

కార్డు వచ్చింది. దాచేద్దామనిపించింది. కానీ విప్పేవాడి చేతులు తెర దాటి పోకూడదన్నది మా కట్టుబాటు, వందమంది కళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి. దూరంగా పెట్టాను.

"దగ్గరగా పెట్టవయ్యా, నీకేం రోగం?" అన్నాడు డ్వైట్. దగ్గరగా పెట్టాను. మరేం చేస్తాను?

వచ్చే ఆదివారం కోల్బీ జట్టు మా పక్కకే ఆడటానికి వస్తోందని, తన కళ్ళముందు బంతి మీద సంతకం చేయించుకుని, బంతినీ కార్డునూ ఒకే ఫ్రేములో పెడతానని వాడు అక్కడే ప్రకటించాడు.

ఆదివారం ఆమెను నా బండిలో నేనే తీసుకెళ్ళాను. ఆట మొదలవకముందు ఆటగాళ్ళు మైదానం చుట్టూ ఉన్న కటకటాల దగ్గరకు వచ్చి సంతకాలు చేస్తారు. మేము చేరేసరికి డ్వైట్ బంతి అందించేశాడు.

వెర్నా జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. "కోల్బీ! వద్దురా! చెయ్యకురా!"

అతను తల ఎత్తి తల్లిని చూశాడు. తొందరపడకుండా సంతకం చేసి బంతి డ్వైట్ చేతిలో పెట్టాడు.

డ్వైట్ భూతద్దం తీశాడు. కార్డు చూశాడు, బంతి చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. "అచ్చు గుద్దినట్టుంది!" అని సంబరంగా వెళ్ళిపోయాడు. నేను కూడా చూశాను. బంతి మీద కూడా ఆ వంపూ ఆ సాగదీతా వెర్నావే.

వెర్నాకు అర్థమై కటకటాలు గట్టిగా పట్టుకుంది. కోల్బీ దగ్గరకు వచ్చాడు.

"ఇండియానావాడి వీడియోలో చూశానమ్మా. నీ రాత నాకు తెలీదా?" అన్నాడు మెల్లగా. "చలికాలమంతా కూర్చుని నీలాగే పెట్టడం నేర్చుకున్నా."

"ఎందుకురా?"

"నిన్నెవరైనా ఒక మాటంటే నేను వినగలనా?"

ఆమె ఏడ్చేసింది. సంచి వెతికి ఆట టికెట్టు తీసి కటకటాల్లోంచి చాపింది. "నీది పెట్టరా. ఇదివరకు నువ్వు పెట్టేది. నాకోసం ఒక్కటి పెట్టు."

అతను పెన్ను ఆనించి రాశాడు. చూసుకుని కొట్టేశాడు. పక్కన ఇంకొకటి రాశాడు. తిప్పి వెనకవైపు నిదానంగా, చిన్నపిల్లాడిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. ప్రతిసారీ వెర్నా సంతకమే వచ్చింది.

"రావట్లేదమ్మా," అన్నాడు.